లౌడన్ కౌంటీలో కొత్త కాలనీ వీధికి మరమ్మతు చేయవలసింది ఎవరు?

ప్రశ్న: ఆల్డీ నివాసి

అందరికీ నమస్కారం. వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీలో, ఆల్డీ ప్రాంతంలో కొత్తగా కట్టిన ఒక కాలనీలో మేము ఇల్లు కొనుక్కున్నాము. ఇళ్లన్నీ నిండి చాలా కాలమైనా మా వీధికి పై పొర తారు ఇంకా వేయలేదు. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు మట్టానికి పైకి పొడుచుకుని ఉన్నాయి, చలికాలం గడిచేసరికి వాటి చుట్టూ గుంతలు పడ్డాయి. మంచు కురిసిన రోజున పక్క కాలనీని శుభ్రం చేసిన ట్రక్కు మా వీధి మొదట్లోనే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇంటి పన్ను జూన్, డిసెంబరు నెలల్లోనూ, కారు పన్ను మే, అక్టోబరు నెలల్లోనూ క్రమం తప్పకుండా కౌంటీకే కడుతున్నాము కాబట్టి రోడ్డు బాగోగులు కూడా కౌంటీయే చూస్తుందని అనుకున్నాము. మన ఊళ్లలో అది ఆర్ అండ్ బి రోడ్డా, పంచాయతీరాజ్ రోడ్డా అని అడిగితే ఎవరో ఒకరు చెప్పగలిగేవారు. ఇక్కడ కౌంటీని అడగాలో, రాష్ట్రాన్ని అడగాలో, బిల్డర్‌నో, ఇళ్ల యజమానుల సంఘమైన హెచ్ఓఏనో అడగాలో తెలియడం లేదు.

దీనితోపాటు మరొక విషయం. మా అమ్మానాన్నలు గ్రీన్ కార్డుపై వచ్చి మాతోనే ఉంటున్నారు. ఇద్దరికీ అరవై ఏళ్లు దాటాయి, ఇద్దరూ కారు నడపరు. మేము పనికి, పిల్లలు బడికి వెళ్లాక పగలంతా వారిద్దరే ఇంట్లో ఉండవలసి వస్తోంది. ఇలాంటి పెద్దల కోసం కౌంటీ ఏ సేవలు అందిస్తోందో తెలిసినవారు వివరంగా రాయగలరు.

సమాధానం 1: లీస్‌బర్గ్ నుంచి

మీ ప్రశ్నకు జవాబు 1932లో వర్జీనియా శాసనసభ చేసిన బర్డ్ రోడ్ చట్టంలో ఉంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో తమ రోడ్లను తాము పోషించుకోలేని స్థితిలో ఉన్న కౌంటీల నుంచి ఆ బాధ్యతను రాష్ట్రం తన మీదకు తీసుకుంది. వద్దనుకున్న కౌంటీలు తమ రోడ్లను తామే ఉంచుకోవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చింది. అలా ఉంచుకున్నవాటిలో ఇప్పటికీ మిగిలినవి ఆర్లింగ్టన్, హెన్రికో కౌంటీలు రెండే. లౌడన్, ఫెయిర్‌ఫాక్స్, ప్రిన్స్ విలియం వంటి మిగిలిన కౌంటీలన్నిటిలో ప్రజా రోడ్లకు గుంతలు పూడ్చేదీ, మంచు తొలగించేదీ, పక్కల గడ్డి కోసేదీ రాష్ట్ర రవాణా శాఖ అయిన వీడాట్. చాలా ఇతర రాష్ట్రాలలో ఈ పని కౌంటీ రోడ్ల విభాగానిది కనుక అక్కడి నుంచి వచ్చిన మన వాళ్లు ఇక్కడ తికమకపడటం సహజమే.

డబ్బు దారి కూడా దీనికి తగ్గట్టే వేరుగా ఉంటుంది. వీడాట్ నిర్వహణ ఖర్చు ప్రధానంగా పెట్రోలు పన్ను, వాహనం కొన్నప్పుడు కట్టే అమ్మకపు పన్ను, సాధారణ అమ్మకపు పన్నులో ఒక వాటా వంటివాటి నుంచి వస్తుంది. కారు పన్ను అన్న పేరు చూసి అది రోడ్లకు వెళ్తుందని చాలామంది నమ్ముతారు, కానీ అది కౌంటీ సాధారణ ఖజానాలో చేరుతుంది. కౌంటీ వసూలు చేసుకునే పన్నులలో సగానికి పైగా పాఠశాలలకు పోతుంది. మిగిలినది అగ్నిమాపక సేవలు, షెరీఫ్ కార్యాలయం, గ్రంథాలయాలు, పార్కుల వంటివాటికి చాలాలి. అయితే కౌంటీకి రోడ్లతో ఏ సంబంధమూ లేదని అనుకోకూడదు. లౌడన్ తన సొంత నిధులతోనూ ప్రాంతీయ రవాణా నిధులతోనూ కొత్త రోడ్లు కట్టిస్తుంది, పాతవాటిని వెడల్పు చేయిస్తుంది, కట్టడం పూర్తయ్యాక వాటిని నిర్వహణ కోసం రాష్ట్రానికి అప్పగిస్తుంది.

ఇక మీ వీధి సంగతి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే దానిని రాష్ట్రం ఇంకా స్వీకరించలేదు. కాలనీ కట్టేటప్పుడు బిల్డర్ మొదట కింది పొర తారు మాత్రమే వేస్తాడు. ఇళ్ల సామగ్రి మోసే బరువైన వాహనాలు తిరిగినంత కాలం పై పొర వేస్తే పాడవుతుంది కాబట్టి అంతవరకు ఆగడంలో తప్పు లేదు. మ్యాన్‌హోల్ మూతలు పైకి కనిపించడానికి కారణం కూడా అదే, అవి రాబోయే పై పొర మట్టానికి అమర్చినవి. పని పూర్తయ్యాక వీడాట్ ఇంజనీర్లు తనిఖీ చేసి లోపాల జాబితా ఇస్తారు. ఆ లోపాలు సరిదిద్దాక, ఆ వీధిని రాష్ట్ర ద్వితీయ శ్రేణి రోడ్లలో చేర్చుకోవాలని కోరుతూ కౌంటీ పాలక మండలి అయిన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ తీర్మానం చేస్తుంది. ఆ తర్వాతే 600 లేదా అంతకంటే పెద్ద రూట్ నంబరు వచ్చి అది రాష్ట్ర రోడ్డవుతుంది. అప్పటిదాకా గుంతలైనా మంచైనా బిల్డర్ బాధ్యతే. మీ వీధి మొదట్లో ‘ఎండ్ స్టేట్ మెయింటెనెన్స్’ (రాష్ట్ర నిర్వహణ ఇక్కడితో సరి) అన్న చిన్న బోర్డు ఉందేమో చూడండి. అది ఉన్నచోట వీడాట్ ట్రక్కు వెనక్కి తిరగడమే నియమం.

బిల్డర్ చేతిలో మనం ఉన్నట్టు అనిపించినా, నిజానికి బిల్డర్ మెడలో ఒక తాడు కౌంటీ చేతిలో ఉంటుంది. వీధులు, మురుగు కాలువలు పూర్తి చేస్తానని బిల్డర్ ముందుగానే కౌంటీతో ఒప్పందం రాసి, పూచీకత్తుగా బాండ్ పెడతాడు. పని ముగిసి రాష్ట్రం వీధిని స్వీకరించేదాకా ఆ బాండ్ పూర్తిగా విడుదల కాదు. ఒప్పందానికి గడువు ఉంటుంది, దాన్ని పొడిగించాలంటే కౌంటీ అనుమతి కావాలి. మీరు కౌంటీ బిల్డింగ్ అండ్ డెవలప్‌మెంట్ విభాగానికి మీ కాలనీ పేరు, సెక్షన్ సంఖ్య రాసి, బాండ్ ప్రస్తుతం ఏ దశలో ఉందో, ఒప్పందం గడువు ఎప్పటిదో లిఖితపూర్వకంగా అడగండి. గడువు దగ్గరపడుతున్న సమయంలో ఇళ్ల యజమానుల సంతకాలతో, తేదీ వేసిన ఫొటోలతో ఉత్తరం వెళ్తే, పొడిగింపు ఇచ్చే ముందు అధికారులు బిల్డర్‌ను గట్టిగా ప్రశ్నించడానికి ఆధారం దొరుకుతుంది. ఉత్తరం ప్రతిని మీ డిస్ట్రిక్ట్ సూపర్‌వైజర్ కార్యాలయానికి కూడా పంపండి. బోర్డులో తొమ్మిది మంది ఉంటారు. వారిలో అధ్యక్షులను కౌంటీ అంతా కలిసి, మిగిలిన ఎనిమిది మందిని ఎవరి డిస్ట్రిక్ట్ వారు ఎన్నుకుంటారు. మీకు ఓటు హక్కు ఇంకా రాకపోయినా బోర్డు సమావేశంలో పౌరులకు కేటాయించిన సమయంలో మాట్లాడవచ్చు, ఉత్తరమూ రాయవచ్చు. ఓటు లేదు కనుక మన మాట ఎవరు వింటారని ఊరుకునే మన కుటుంబాలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సమాధానం 2: హెన్రికో నుంచి

పై వివరణ లౌడన్‌కు పూర్తిగా వర్తిస్తుంది, కానీ రిచ్‌మండ్ పక్కన మేమున్న హెన్రికోలో పద్ధతి వేరు. ఇక్కడ కౌంటీయే సొంత సిబ్బందితో రోడ్లు చూసుకుంటుంది, అందుకు రాష్ట్రం లేన్ మైళ్ల లెక్కన, అంటే రోడ్డులోని ఒక్కో వరుస పొడవును కలిపి లెక్కగట్టి, డబ్బు చెల్లిస్తుంది. కౌంటీలోపలి పట్టణాల సంగతి కూడా మరచిపోకూడదు. 3,500 మందికి పైగా జనాభా ఉన్న పట్టణాలు తమ వీధులను తామే నిర్వహిస్తాయి కనుక, లీస్‌బర్గ్, పర్సెల్‌విల్ పరిధిలో ఉన్నవారు వీడాట్‌ను కాక పట్టణ కార్యాలయాన్ని సంప్రదించాలి. టౌన్‌హౌస్ కాలనీలలోని సన్నని లోపలి వీధులు చాలావరకు హెచ్ఓఏ సొంత ఆస్తి. వాటిని రాష్ట్రం ఎప్పటికీ స్వీకరించదు, వాటి ఖర్చు మీరు కట్టే నెలసరి రుసుము నుంచే పోతుంది. ఇల్లు కొనేముందు హెచ్ఓఏ పత్రాలలో వీధుల పునర్నిర్మాణానికి ఎంత నిధి దాచారో చదవడం అందుకే అవసరం.

సమాధానం 3: స్టెర్లింగ్ నుంచి

నేను పెద్దల గురించి రాస్తాను, ఎందుకంటే రోడ్డు ఒకనాటికి బాగుపడుతుంది కానీ తల్లిదండ్రుల ఒంటరితనానికి మనం ఎదురు చూస్తూ కూర్చోలేము.

లౌడన్ కౌంటీలో పార్కులు, వినోదం, కమ్యూనిటీ సేవలు అన్నీ ఒకే విభాగం కింద ఉన్నాయి. వృద్ధుల సేవలు చూసే ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్ కూడా అందులో భాగమే. 55 ఏళ్లు నిండినవారి కోసం కౌంటీ సీనియర్ సెంటర్లు నడుపుతోంది. ఆల్డీ వైపు ఉన్నవారికి డల్లెస్ సౌత్ కేంద్రం అందుబాటులో ఉంటుంది. అక్కడ వ్యాయామం, యోగా, చేతిపనులు, కలిసి కూర్చుని ఆడుకునే ఆటలు ఉంటాయి. 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ చట్టం కింద 60 ఏళ్లు దాటినవారికి మధ్యాహ్న భోజన కార్యక్రమం ఉంది. ఆదాయం ఎంతో చూసి తిప్పి పంపే పద్ధతి అందులో లేదు, ఇవ్వగలిగినంత విరాళం ఇస్తే చాలు. శాకాహారులైతే భోజనంలో ఏముంటుందో ముందుగా అడిగి తెలుసుకోండి. మా అత్తగారు మొదట భాష రాదని వెళ్లడానికి ఒప్పుకోలేదు. నేను తోడు వెళ్లి కూర్చున్నాక, అక్కడికి వచ్చే గుజరాతీ, పంజాబీ పెద్దలతో తనకు వచ్చిన కొద్దిపాటి హిందీలోనే స్నేహం కలుపుకున్నారు. ఇప్పుడు వెళ్లే రోజున నాకంటే ముందే తయారై ఉంటారు.

రాకపోకలే అసలు ఇబ్బంది. కౌంటీ బస్సులు ఆష్‌బర్న్, స్టెర్లింగ్ వైపు తిరిగినంతగా ఆల్డీ వైపు తిరగవు. మీ పెద్దలకు నడవలేని ఇబ్బంది ఏదైనా ఉంటే, బస్సు మార్గానికి ముప్పావు మైలు లోపు ఇల్లు ఉన్నవారికి ఇంటి దగ్గరికే వచ్చే పారాట్రాన్సిట్ బండి నడపాలని కేంద్ర చట్టం చెబుతోంది. లేకపోతే కాలనీలోని నలుగురైదుగురు కుటుంబాల వారు వంతులవారీగా పెద్దలను తీసుకెళ్లి దింపే ఏర్పాటు చేసుకోవడమే మంచిది. గమ్ స్ప్రింగ్ గ్రంథాలయం కూడా మీకు దగ్గరే. అక్కడ కూర్చుని చదువుకోవడానికి కార్డు అవసరం లేదు, పిల్లల కథల కార్యక్రమానికి తాతయ్యలు, అమ్మమ్మలు మనవలతో కలిసి వెళ్లవచ్చు.

ప్రశ్నించినవారి నుంచి: ఆల్డీ నివాసి

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. లీస్‌బర్గ్ వారు చెప్పిన బోర్డు మా వీధి మొదట్లో నిజంగానే ఉంది. ఇన్నాళ్లూ దాని అర్థం మాకు తెలియలేదు. కౌంటీకి రాయవలసిన ఉత్తరం ఈ వారమే సిద్ధం చేస్తాము. ఒక చిన్న సందేహం మిగిలింది. మా పొరుగువారి కారు చక్రం ఒక పెద్ద గుంతలో పడి రిమ్ము వంగిపోయింది, ఆ గుంత మా వీధిలోది కాదు, కాలనీ బయట ఉన్న ప్రధాన రోడ్డు మీదిది. పరిహారం అడగడానికి వీలుంటుందా?

సమాధానం 4: లీస్‌బర్గ్ నుంచి

అది రాష్ట్ర రోడ్డే అయితే వీడాట్‌కు నష్టపరిహార దరఖాస్తు పెట్టవచ్చు. రాష్ట్రంపై ఇలాంటి దావాకు ఘటన జరిగిన ఏడాదిలోపు లిఖితపూర్వక నోటీసు అందాలి, కాబట్టి ఆలస్యం చేయవద్దని వారికి చెప్పండి. రోడ్డు పేరు, దగ్గరి కూడలి, తేదీ, సమయం, గుంత ఫొటో, మరమ్మతు బిల్లు జతచేయాలి. గుంత ఉన్నట్టు అధికారులకు అంతకుముందే తెలిసి, బాగుచేయడానికి తగిన వ్యవధి కూడా ఉన్నప్పుడే సాధారణంగా ఇలాంటి దావా నిలుస్తుంది. అందువల్ల కనిపించిన ప్రతి గుంతనూ ఎవరో ఒకరు ఫిర్యాదు చేసి ఉంచడం తర్వాత వచ్చేవారికి కూడా రక్షణ. వీడాట్ ఫిర్యాదుల నంబరు 1-800-367-7623, పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఫిర్యాదు నమోదయ్యాక వచ్చే సంఖ్యను రాసిపెట్టుకోండి. మంచు గురించి కూడా ఒక మాట చెప్పాలి. తుఫాను ఆగిన 48 గంటల్లోగా ఉత్తర వర్జీనియాలోని తమ రోడ్లన్నిటినీ ప్రయాణానికి వీలుగా చేయాలన్నది వీడాట్ లక్ష్యం. వీలుగా చేయడమంటే కాలనీ వీధుల్లో తారు కనబడేదాకా గీకడం కాదు, జాగ్రత్తగా నడిపే కారు వెళ్లగలిగేలా దారి చేయడం మాత్రమే. మీ వీధిని రాష్ట్రం స్వీకరించేదాకా ఆ సేవ కూడా మీకు రాదు కనుక, వచ్చే శీతకాలంలో మంచు ఎవరు తీయిస్తారో చలి మొదలవక ముందే బిల్డర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. హెచ్ఓఏ ఇంకా బిల్డర్ ఆధీనంలోనే ఉంటే, ఆ ఉత్తరం ప్రతిని కూడా కౌంటీకి పంపండి.