క్లయింటు కాల్‌ల వెక్కిరింపు, వాట్సాప్‌ల 'కోటా సరుకు': ఫిర్యాదు ఎవరికి, ఎట్ల రాయాలె?

మడికొండ_నైట్‌షిఫ్ట్:

అన్నలూ, అక్కలూ, నమస్తే. మడికొండ ఐటీ పార్కుల 60 మంది ఉన్న సర్వీసు కంపెనీ. అందుల 14 మంది టీం అమెరికా క్లయింటుకు ప్రొడక్షన్ సపోర్టు చేస్తది, సాయంత్రం 6:30 నుంచి రాత్రి 3:30 దాక. బ్రిడ్జ్ కాల్‌ల (అందరం కలిసి మాట్లాడే కాన్ఫరెన్స్ కాల్) క్లయింటు మేనేజరు, మనోళ్లు నోరు తెరవంగనే 'మనిషి భాష మాట్లాడేటోన్ని లైన్ల పెట్టండి' అంటడు. పేర్లు పలకరావని అందరికీ ఒక్కటే పేరు పెట్టిండు. మా కంపెనీ లీడ్ అది విని నవ్వుతడు. ఆయనే షిఫ్టు వాట్సాప్ గ్రూపుల మన యాసను ఎక్కిరిస్తడు. టీంల ఇద్దరు ఎస్సీ పిల్లలు ఉన్నరు, వాళ్లు టికెట్ (క్లయింటు నమోదు చేసిన సమస్య) క్లోజ్ చేసుడు ఆలస్యమైతే 'కోటా సరుకు' అని పెడుతడు. అందుల ఒక అమ్మాయికి రాత్రి క్యాబ్ గురించి చెప్పరాని మాటలు కూడా వస్తున్నయి.

అందరం కలిసి హెచ్‌ఆర్‌కు ఒక్కటే మెయిల్ పెడుదమని అనుకుంటున్నం. పెట్టొచ్చా? కాల్ రికార్డు చేస్తే కేసు అయితదా? పిప్‌ల (పనితీరు మెరుగుపరుచుకో అని గడువు పెట్టే ప్లాన్) పెడితే ఏం చేయాలె?

కాజీపేట_జంక్షన్:

తమ్మీ, ఒక్కటే మెయిల్ పెట్టకుండ్రి. అందుల నాలుగు వేరువేరు సంగతులు ఉన్నయి. నాలుగూ ఒక్క కాడ కలిపితే హెచ్‌ఆర్ దాన్ని 'టీం వాతావరణం బాగలేదు' అనే ఒక్క ముక్క చేసి, కమ్యూనికేషన్ ట్రెయినింగ్ ఒకటి పెట్టి ఫైలు మూస్తది. అమ్మాయి సంగతి వేరే కమిటీకి పోవాలె, 'కోటా' మాటకు వేరే చట్టం, క్లయింటు మాటకు వేరే తలుపు. యాసకు మాత్రం ప్రత్యేకంగ చట్టమంటూ లేదు, కంపెనీ కోడ్ ఆఫ్ కండక్ట్ మీదనే నడవాలె.

అమ్మాయి సంగతి ముందు చెప్త, ఎందుకంటే దానికి గడువు ఉంది. పనిచేసే చోట ఆడోళ్ల మీద లైంగిక వేధింపుల 2013 చట్టం ప్రకారం 10 మందో అంతకు మించో పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలె. చివరి సంఘటన జరిగిన నాటి నుంచి 3 నెలలల్ల రాతపూర్వకంగ ఇయ్యాలె. సరైన కారణం చూపిస్తే కమిటీ ఇంకో 3 నెలలు ఇయ్యొచ్చు. ఆధారాలు, సాక్షుల పేర్లు జతచేసి 6 కాపీలు. విచారణకు 90 రోజులు. కమిటీ పెట్టనే లేదు, లేకుంటే ఫిర్యాదు యజమాని మీదనే అంటే జిల్లా స్థానిక కమిటీకి పోవాలె. ఈడ చాలమంది పొరపాటు పడుతరు: మడికొండ హనుమకొండ జిల్లా కిందికి వస్తది, వరంగల్ జిల్లా కిందికి కాదు. 2021ల పేర్లు మారినంక అర్జీలు అటు ఇటు తిరుగుడు ఎక్కువైంది. ఆ బిడ్డ ఇష్టం లేకుండ ఆమె సంగతి ఉమ్మడి మెయిల్‌ల పెట్టుడు అసలే తప్పు. ఎవరికి ఇయ్యాలె, ఎప్పుడు ఇయ్యాలె అనేది ఆమెనే చెప్పాలె.

ఇగ క్లయింటు మేనేజరు. ఆయన మీద మీ హెచ్‌ఆర్‌కు రాసి లాభం తక్కువ, బిల్లింగ్ ఆయన చేతులనే ఉంది కద. కాని పెద్ద అమెరికా కంపెనీలకు సాధారణంగ ఎథిక్స్ లైన్ (తప్పుడు నడవడి మీద ఫిర్యాదు ఇచ్చే దారి) ఉంటది. చాలవాటిల వెండర్ (మీ అసొంటి బయటి కంపెనీ) ఉద్యోగులు కూడా రాయొచ్చు. క్లయింటు వెబ్‌సైట్ల అడుగున 'సప్లయర్ కోడ్ ఆఫ్ కండక్ట్' అనే పత్రం వెతకండి, చివరి పేజీలల్ల లింకు దొరుకుతది. ఎథిక్స్‌పాయింట్ లాంటి బయటి సంస్థ నడిపే లైన్ అయితే పేరు చెప్పకుండ కూడా ఇయ్యొచ్చు. రిపోర్టు పెట్టినంక ఒక కీ వస్తది, పాస్‌వర్డ్ మీరే పెట్టుకోవాలె. ఆ కీ పోగొట్టుకుంటే మల్ల ఆ ఫైలు తెరువరాదు. వాళ్లు ప్రశ్నలు అడిగేది ఆడనే. వారానికి ఒకసారన్న చూడకుంటే 'ఫిర్యాదుదారు నుంచి జవాబు లేదు' అని మూసేస్తరు.

సర్వర్‌రూం_సాంబ:

రికార్డింగ్ గురించి నేను చెప్త. మీరు లైన్ల ఉన్న కాల్‌ను మీరు రికార్డు చేసుకునుడు మన దేశంల నేరం అని ఏ సెక్షనూ నేరుగ చెప్తలేదు. కాని కంపెనీ పాలసీ వేరే సంగతి: క్లయింటు డేటా స్క్రీన్ మీద ఉండంగ వీడియో తీసిండ్రంటే, ఫిర్యాదు పక్కకు పోయి మీ మీదనే డేటా లీక్ ఫైలు లేస్తది. కాల్ అవతలి మనిషి కాలిఫోర్నియాల ఉంటే ఆడ అందరి ఒప్పుకోలు ఉండాలె, టెక్సస్‌ల అయితే కాల్‌ల ఉన్న ఒక్కరి ఒప్పుకోలు సాలు. అందుకే చాటుమాటు రికార్డింగ్ మీద ఆధారపడకుండ్రి.

దానికన్న మంచి దారి ఉంది. బ్రిడ్జ్ కాల్‌ను క్లయింటే టీమ్స్‌ల రికార్డు చేస్తడు కద? మామూలు సెట్టింగుల ఆ ఫైలు 120 రోజులకు దానంతట అదే పోతది. ఫిర్యాదుల మొదటి వాక్యంలనే 'ఫలానా తేదీ, ఫలానా టైం కాల్ రికార్డింగును తొలగించకుండ భద్రపరచగలరు' అని రాయండి. అట్ల అడిగినంక కూడా అది మాయమైతే, జవాబు చెప్పాల్సింది వాళ్లే.

నైట్ షిఫ్టుల తారీకు తప్పు మస్తు జరుగుతది. 13వ తారీకు షిఫ్టుల రాత్రి 1:40కి జరిగింది అంటే మన క్యాలెండర్ల 14. అమెరికా సెంట్రల్ టైంల, ఎండకాలం అయితే, 13వ తారీకు మధ్యాహ్నం 3:10. వాళ్లు నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనుకకు తిప్పినంక తేడా 10:30 గంటల నుంచి 11:30 అయితది. మీరు 13 అని రాస్తే 13 రాత్రి రికార్డింగ్ తెరిచి 'ఏం లేదు' అంటరు. రెండు టైంలూ రాయండి, బ్రిడ్జ్ కాల్ నంబరు, ఇన్సిడెంట్ టికెట్ నంబరు కూడా.

డైరీ ఎట్ల రాయాలె అంటే, ఇది పనికిరాదు: 'మేనేజరు ఎప్పుడూ జాతి గురించి అవమానిస్తడు.' ఇది పనికొస్తది: 'తేదీ, 1:40, డేటాబేస్ రీస్టార్ట్ గురించి ఫలానా ఇంజనీరు రెండు వాక్యాలు చెప్పంగనే, మేనేజరు అన్న మాట ఇది' అని ఆయన ఇంగ్లిషుల ఎట్ల అన్నడో అట్లనే, ముక్క మార్చకుండ. దాని కింద లైన్ల ఉన్నోళ్ల పేర్లు, అటెనుక ఏమైంది, ఎవరు నవ్విండ్రు, టికెట్ ఎవరికి మార్చిండ్రు. ఆ రాత్రే రాయండి. నెలకు ఒకసారి కూసొని 20 సంఘటనలు రాస్తే అన్నీ ఒక్క సిరాతోని, ఒక్క చేతిరాతతోని కనవడుతయి, అడ్డు ప్రశ్నల ఆగవు.

వాట్సాప్‌ల మెసేజ్ పెట్టినోడు సుమారు రెండున్నర రోజుల దాక 'అందరికీ తొలగించు' కొట్టొచ్చు, 15 నిమిషాల లోపల మార్చొచ్చు. కనుక కనవడంగనే స్క్రీన్‌షాట్. అయితే స్క్రీన్‌షాట్ ఒక్కటే సాలదు, ఆ మెసేజ్ ఉన్న ఫోను అసలు ఆధారం. ఫోను మార్చుడు, గ్రూపుల నుంచి ఎల్లిపోవుడు ఇప్పుడు చేయకుండ్రి. ఎక్స్‌పోర్ట్ చేసిన చాట్ మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరైన దిద్దొచ్చు అంటరు. 'అది ప్రైవేటు గ్రూపు, కంపెనీకి సంబంధం లేదు' అనే మాట తప్పక వస్తది. దానికి జవాబు అదే గ్రూపుల ఉంది: షిఫ్టు రోస్టర్, క్యాబ్ నంబర్లు, సెలవు మంజూర్లు. వాటి స్క్రీన్‌షాట్లు కూడా జతచేస్తే అది పని గ్రూపే అని తేలుతది.

కోర్టు దాక పోతే ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ కావాలె. అందుల ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) అడుగుతరు. విండోస్‌ల సర్ట్‌యుటిల్ కమాండ్‌తోని షా-256 రకం హ్యాష్ తీసి డైరీల రాసిపెట్టుకోండి. ఫైలును వాట్సాప్‌ల పంపుకుంటే అది మల్ల కుదించబడుతది, హ్యాష్ మారుతది. పెన్‌డ్రైవ్‌ల అసలు కాపీ వేరేగ ఉంచండి. కంపెనీ మెయిల్ నుంచి జీమెయిల్‌కు దండిగ ఫార్వర్డ్ కొట్టకుండ్రి, డేటా బయటికి పోతున్నదని అలర్టు లేస్తది.

వడ్డేపల్లి_కట్ట:

'కోటా సరుకు' విషయంలో చట్టం ఏమంటుందో కాస్త జాగ్రత్తగా చూడాలి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో సెక్షన్ 3(1)(ఆర్) అవమానించాలనే ఉద్దేశంతో చేసిన తూలనాడటం, బెదిరింపు గురించి. 3(1)(ఎస్) కులం పేరుతో దూషించడం గురించి. రెండింటికీ 'ప్రజలు చూడగలిగే చోట' అనే షరతు ఉంది. కులం పేరు ఎత్తలేదు కాబట్టి (ఎస్) కష్టం, (ఆర్) వైపు వెళ్లాలి. అక్కడ ఆ మాట కులం కారణంగానే అన్నాడని చూపించాలి. టికెట్ ఆలస్యమైన మిగతా 12 మందిని ఏమన్నాడో, ఈ ఇద్దరినే ఏమన్నాడో పక్కపక్కన పెట్టిన పట్టిక ఇక్కడ చాలా పని చేస్తుంది.

నాలుగు గోడల మధ్య, బయటివారు ఎవరూ లేనప్పుడు అన్నది ఈ షరతులోకి రాదని సుప్రీంకోర్టు 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఒక ఆఫీసు గదిలో జరిగిన సంఘటన మీద కూడా అదే దారిలో తీర్పిచ్చింది. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోను ప్రజల దృష్టిలో ఉన్నట్టే లెక్కించాలని కేరళ హైకోర్టు 2022లో అన్నది. మీది 14 మంది మూసిన గ్రూపు, కాబట్టి వాదన రెండు వైపులా ఉంటుంది. గ్రూపులో టీం బయటివాళ్లు, క్యాబ్ వెండర్, అడ్మిన్ సిబ్బంది లాంటివారు ఉంటే వాళ్ల పేర్లు ముందే రాసి పెట్టుకోండి.

ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని సెక్షన్ 18ఎ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, కమిషనరేట్‌లో అయితే ఏసీపీ. కుల ధ్రువీకరణ పత్రం జతచేయాలి. నిందితుడు కూడా ఎస్సీ లేదా ఎస్టీ అయితే ఈ చట్టం వర్తించదు. బాధితులు బీసీలైనా వర్తించదు, ఈ సంగతి తెలియక స్టేషన్ దాకా వెళ్లి తిరిగి వచ్చేవాళ్లు చాలామంది. సలహాకు 14566 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేయవచ్చు.

ఆ ఇద్దరిలో ఎవరికి కేసు వద్దనిపించినా బలవంతం చేయకండి. కంపెనీ క్రమశిక్షణ చర్య అడగడానికి ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. అక్కడ 'ప్రజల దృష్టి' షరతు కూడా లేదు.

ఫ్రిస్కో_పక్కింటోడు:

క్లయింటు అమెరికావాడు కదా, అక్కడి ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ) రాద్దాం అని ఎవరో ఒకరు తప్పక అంటారు. రాయకండి. 1964 పౌర హక్కుల చట్టంలోని టైటిల్ 7 అనే భాగం అమెరికా బయట పనిచేసే పరాయి దేశస్తులకు వర్తించదు. మడికొండలో కూర్చున్నవాళ్లకు క్లయింటు ఎథిక్స్ లైనే గట్టి దారి.

అదే టీం నుంచి ఎవరైనా హెచ్‌1బీ మీద అమెరికాకు వస్తే లెక్క మారుతుంది. వీసా ఏదైనా సరే ఈఈఓసీకి వెళ్లవచ్చు. గడువు 180 రోజులు, రాష్ట్రంలో కూడా అలాంటి ఏజెన్సీ ఉంటే 300. కంపెనీకి కనీసం 15 మంది ఉద్యోగులుండాలి. యాస పని చేయడానికి నిజంగా అడ్డమైతే తప్ప దాని మీద నిర్ణయం తీసుకోకూడదు అనేది ఈఈఓసీ వైఖరి. కాబట్టి 'కాల్‌లో మాట్లాడనివ్వడం లేదు' అని రాసేటప్పుడు, మీరు చెప్పింది విని సమస్య పరిష్కారమైన టికెట్ల నంబర్లు పక్కన పెట్టండి. ఎథిక్స్ లైన్‌కు రాసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ఉద్యోగం పోతే హెచ్‌1బీకి గరిష్ఠంగా 60 రోజులే గడువు. అది గుర్తుపెట్టుకొని వేళ చూసుకోవాలి.

కులం సంగతి: సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా బిల్లును అదే ఏడాది అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశారు. అయినా కొన్ని కంపెనీలు తమ కోడ్‌లో కులం అనే మాట రాసుకున్నాయి. క్లయింటు కోడ్‌లో ఆ మాట ఉందేమో వెతకండి, ఉంటే మీ లీడ్ మాటలు కూడా ఆ లైన్ కిందికే వస్తాయి.

మడికొండ_నైట్‌షిఫ్ట్:

అందరికీ మస్తు థ్యాంక్స్. ఒక్కటి మిగిలింది, పిప్. అప్రైజల్ వచ్చే నెల ఉంది, ఆలోపే ఫిర్యాదు పెడితే కోపం తీర్చుకుంటరని సగం మంది భయపడుతున్నరు.

కాజీపేట_జంక్షన్:

అప్రైజల్‌కు ముందే పెట్టండి. తర్వాత పెడితే 'రేటింగ్ తక్కువ వచ్చిందని ఫిర్యాదు చేసిండు' అంటరు, ముందు పెడితే తగ్గిన రేటింగే ప్రశ్న అయితది. ఇప్పుడే రెండు మూడేండ్ల రేటింగ్ లెటర్లు, అప్రిసియేషన్ మెయిళ్లు ప్రింట్ తీసుకోండి. లాగిన్ ఆపేసినంక దొరకవు.

14 మంది ఒకే మెయిల్ కాదు. ఎవరు స్వయంగ విన్నది వాళ్లు, పేజీ దాటకుండ, ఒకే రోజు వేరువేరుగ పంపండి. ఒకరిది చూసి ఇంకొకరు రాయకుండ్రి. మాటలు అచ్చు గుద్దినట్టు ఒక్కతీరుగుంటే 'కూడబలుక్కున్నరు' అంటరు. చివర ఏం కావాలో రాయండి: కాల్‌లకు వేరే మనిషిని పెట్టుడా, గ్రూపును అఫీషియల్ ఛానెల్‌కు మార్చుడా, విచారణ అయ్యేదాక లీడ్ రేటింగ్ ఇయ్యకుండుడా. ఏం అడగకుంటే 'గమనించినం' అని ఒక్క వాక్యం జవాబు వస్తది.

జవాబు రాకుంటే ఇంకో మెట్టు ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమలైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 అంతకు మించి కార్మికులున్న సంస్థల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలె, అందుల సగం ఉద్యోగుల తరఫు. సంఘటన నుంచి ఏడాది లోపల అర్జీ, 30 రోజులల్ల తేల్చాలె. తేల్చకుంటే 60 రోజులల్ల లేబర్ ఆఫీసుల రాజీ అధికారి కాడికి పోవచ్చు. సాంకేతిక పని చేసేటోళ్లు కార్మికుల కిందికి వస్తరు. మేనేజర్లు, నెలకు 18,000 దాటిన సూపర్‌వైజర్లు రారు. అందుకే లెటర్ల మీద 'టీం లీడ్' అని ఉన్నోళ్లు చేసే అసలు పని ఏందో రాసి పెట్టుకోవాలె.

పిప్ ఇస్తే సంతకం చేయను అనకుండ్రి. 'అందింది, ఒప్పుకోలేదు' అని చేత్తో రాసి, తేదీ వేసి సంతకం పెట్టుండ్రి. టార్గెట్లు అంకెలల్ల రాసి ఇయ్యమని మెయిల్ పెట్టండి. రాజీనామా చేయమని గదిలకు పిలిస్తే ఆడికాడ ఏం రాయకుండ బయటికి వచ్చి, 'ఇయ్యాల 4 గంటలకు ఫలానా వారు రాజీనామా అడిగిండ్రు' అని మెయిల్ కొట్టండి. పోర్టల్ల కారణం కాడ 'వ్యక్తిగతం' అని ఎంచుకునేది మాత్రం చేయొద్దు, మిగతా ఆప్షన్లు లేకుంటే కామెంట్ బాక్సుల అసలు కారణం రాసి స్క్రీన్‌షాట్ తీయండి.