తమ్ముడి నాపరాళ్లు, మునిసిపాలిటీ కాలిబాట: నేను ఓటు వేయవచ్చా?

ప్రశ్న (కౌన్సిలర్, కడప జిల్లా):
పెద్దలకు నమస్కారం. నేను మా జిల్లాలోని ఒక మునిసిపాలిటీకి మొదటిసారి ఎన్నికైన కౌన్సిలర్‌ను. నా తమ్ముడికి యర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. బస్టాండు రోడ్డు కాలిబాట పని అంచనాలు వచ్చే సమావేశం అజెండాలో ఉన్నాయి. మావాడు టెండరు వేయడం లేదు గానీ, పని ఎవరికి దక్కినా రాళ్లు అతని దగ్గరే కొంటారని బజారులో అందరికీ తెలుసు. నేను ఓటు వేయవచ్చా? విరుద్ధ ప్రయోజనాలపై (సొంత లాభం, పదవి బాధ్యత ఢీకొనే సందర్భాలపై) మా కౌన్సిల్ నియమాలను సవరించేందుకు ముసాయిదా రాయమని ఛైర్‌పర్సన్ గారు నాకే అప్పగించారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి, అనంతపురం):
ముందు రెండింటినీ విడదీయండి. కమిషనర్, ఇంజినీర్లు వంటి ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. దాని తొమ్మిదో నియమం కింద వారు ఏటా ఆస్తుల వివరాలు ఇవ్వాలి, మరో నియమం కింద అనుమతి లేకుండా సొంత వ్యాపారం చేయకూడదు. వ్యాపారం చేయరాదని చట్టం కట్టడి చేసిన ప్రభుత్వ సేవకుడు చేస్తే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 202వ సెక్షన్ కింద అది నేరం కూడా. మీ వంటి ఎన్నికైనవారి సంగతి వేరు. 1965 మునిసిపాలిటీల చట్టం ప్రకారం కౌన్సిల్‌తో నడుస్తున్న కాంట్రాక్టులోగానీ పనిలోగానీ ప్రయోజనం సంపాదించుకున్న సభ్యుడు అనర్హుడవుతాడు. కంపెనీలో కేవలం వాటాదారుగా ఉన్నవారికి మినహాయింపు ఉంది, డైరెక్టరుకు లేదు. ఆ అనర్హతలను కౌన్సిల్ తీర్మానంతో మార్చలేరు, అది శాసనసభ పని. మీ చేతిలో ఉన్నది వాటికి అదనంగా సభ్యులు తమకు తాము విధించుకునే కట్టుబాటు మాత్రమే.

జవాబు (న్యాయవాది, కర్నూలు):
పైవారు చెప్పినది సరైనదే. ఒక్క సందేహం: తమ్ముడి ఫ్యాక్టరీలో మీకు వాటా ఏమైనా ఉందా?

ప్రశ్న వేసినవారు:
వాటా లేదండీ. అయితే అతని బ్యాంకు అప్పుకు నేను హామీ సంతకం చేశాను.

న్యాయవాది, కర్నూలు:
అసలు ముడి అక్కడే ఉంది. ఆ ఫ్యాక్టరీకి అమ్మకాలు పెరిగితే అప్పు సక్రమంగా తీరుతుంది, మీ మెడ మీది బరువు తగ్గుతుంది. అమ్మకాలు పడిపోతే బ్యాంకు మీ ఇంటికి వస్తుంది. కాంట్రాక్టు కాగితాల్లో మీ పేరు ఎక్కడా లేకపోవచ్చు, అనర్హత వేటు పడకపోనూ వచ్చు, కానీ ఆ రాళ్ల ధర మీద మీకు ఆర్థిక ఆసక్తి లేదని ఎవరినీ నమ్మించలేరు. కనుక ఓటు వేయకండి, చర్చలోనూ పాల్గొనకండి. నోరు మూసుకుని కుర్చీలో కూర్చుంటే చాలదు. మీ ముఖం చూస్తూ మిగతావారు ధరల గురించి మాట్లాడలేరు, కాబట్టి ఆ అంశం పూర్తయ్యేదాకా హాలు బయట ఉండండి. బయటికి వెళ్లినట్టు మినిట్స్ బుక్‌లో (సమావేశంలో జరిగినది నమోదు చేసే పుస్తకంలో) రాయించి, నకలు తీసుకోండి.

ముసాయిదా విషయానికి వస్తే, రాజ్యసభ సభ్యులకు 293వ నియమం కింద ఒక రిజిస్టరు ఉంది. జీతం వచ్చే డైరెక్టరు పదవి, క్రమంగా ఆదాయం వచ్చే పని, కంపెనీపై అదుపు ఇచ్చే వాటా, ఫీజు తీసుకునే సలహాదారు పని, వృత్తిపరమైన ఒప్పందాలు అనే అయిదు శీర్షికలు అందులో నమోదవుతాయి. దాన్ని యథాతథంగా దించుకుంటే మన ఊళ్లకు సరిపోదు. మన దగ్గర వ్యవహారం తమ్ముడి పేరునో బావమరిది పేరునో నడుస్తుంది, సబ్ కాంట్రాక్టు ఇంకొకరి పేరున ఉంటుంది. అందుచేత దగ్గరి బంధువుల వ్యాపారాలు, హామీ సంతకాలు, చేబదుళ్లు, సరఫరాదారులతో లావాదేవీలు కూడా రాయాలని చేర్చండి.

వ్యాఖ్య (కౌన్సిలర్, గుంతకల్లు):
ఇలాగైతే చిన్న ఊళ్లో ప్రతి ఒక్కరూ ఏదో వరసకు బంధువే. సగంమంది బయటికి వెళితే కోరం (సభ జరగడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎక్కడిది?

విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి, అనంతపురం:
మీ ఇబ్బంది నిజమే, అందుకే హద్దు గీయాలి. ఊరందరికీ పడే ఆస్తి పన్ను మీద చర్చ జరిగితే ఎవరూ లేవనక్కరలేదు. ఒక కుటుంబానికి ప్రత్యేకంగా లాభమో నష్టమో కలిగించే అంశానికి మాత్రమే లేవాలి. దూరపు వరసలు లెక్కలోకి రావు. ఇంకొక మాట: రిజిస్టరు ఒకసారి రాసి బీరువాలో పెడితే బూజు పడుతుంది. ఏటా ఒకసారి, మధ్యలో ఏదైనా మారితే నెల లోపల, సభ్యుడే సరిదిద్దాలని, ఎవరు అడిగినా కార్యాలయంలో చూపాలని రాయండి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సమావేశం మొదట్లోనే ఈ మాటలు చదివి, మినిట్స్‌లో చేర్చమని కోరతాను: "అజెండాలోని కాలిబాట పనికి వాడే నాపరాళ్లను నా సోదరుడి ఫ్యాక్టరీ సరఫరా చేసే అవకాశం ఉన్నందున, ఆ ఫ్యాక్టరీ బ్యాంకు రుణానికి నేను హామీదారును అయినందున, ఈ అంశంపై చర్చకు, ఓటింగుకు దూరంగా ఉంటూ సభ నుంచి వెలుపలికి వెళుతున్నాను." ఇందులో మార్పులుంటే రేపటిలోగా చెప్పగలరు.

న్యాయవాది, కర్నూలు:
"ఇదే పనికి సంబంధించిన టెండరు, బిల్లుల అంశాలకు కూడా ఇది వర్తిస్తుంది" అనే వాక్యం చివర్లో కలపండి. అంచనాల రోజు బయటికి వెళ్లి, బిల్లుల రోజు లోపల కూర్చుంటే చేసినదంతా వృథా అవుతుంది.