కౌన్సిల్ సమావేశానికి వీధి సమస్యలు రాసివ్వాలి: ఏది అక్కడ అడగాలి, ఏది వార్డు సచివాలయంలో తేల్చుకోవాలి? (అనంతపురం)

వంకగట్టు వీధి

అందరికీ నమస్కారం. అనంతపురంలో నడిమి వంకను ఆనుకుని ఉన్న వీధి మాది, 64 ఇళ్లు. వచ్చే సర్వసభ్య సమావేశంలో మాట్లాడతాను, సమస్యలు రాసివ్వండి అని కార్పొరేటర్ అడిగారు. అందరం కూర్చుంటే నాలుగు తేలాయి.

1. వీధి చివరి 9 స్తంభాలకు లైట్లు వెలగడం లేదు. వీధి మొదట్లో రెండు లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.

2. కొళాయికి రెండు దినాలకొకసారి నీళ్లు. కాలువ వైపు వరుసలో 5 ఇళ్లకు మాత్రం వదిలిన మొదటి పది నిమిషాలు మురుగు వాసన, తర్వాత బాగానే వస్తాయి.

3. సైడు కాలువ మీద 7 చోట్ల బండలు లేవు. అది వంకలో కలిసేచోట కల్వర్టు సగం పూడిపోయింది.

4. ప్రాథమిక పాఠశాల గేటు దగ్గర 10, 12 కుక్కలు తిరుగుతున్నాయి.

నాలుగూ ఒకే అర్జీలో రాసి 64 సంతకాలు పెట్టిద్దామని కొందరు, విడివిడిగా ఇద్దామని కొందరు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

కొలతల పుస్తకం

విడివిడిగానే ఇవ్వండి. ఒక కాగితానికి ఒకటే విషయం. లైట్లు ఎలక్ట్రికల్ వాళ్లు చూస్తారు, నీళ్లు ఇంజనీరింగ్, పూడిక పారిశుద్ధ్యం, కుక్కలు ప్రజారోగ్యం. నాలుగూ కలిపి రాస్తే అర్జీ మొదటి సీటు దగ్గరే ఆగుతుంది, మిగతా మూడు విభాగాలకు ఆ కాగితం కంటికి కూడా కనబడదు.

ఇక అసలు తేడా. ఉన్నది చెడిపోతే మరమ్మతు. లేనిది కావాలంటే కొత్త పని. మరమ్మతుకు కౌన్సిల్ తీర్మానం అక్కర్లేదు, వార్డు సచివాలయంలో రాయించి రసీదు నంబరు తీసుకుంటే చాలు. వసతుల కార్యదర్శి, పారిశుద్ధ్య కార్యదర్శి ఉన్నది అందుకే. మున్సిపల్ ఫిర్యాదుల పురమిత్ర యాప్‌లో ఫొటోతో పెట్టినా, ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేసినా నంబరు ఇస్తారు. ఆ పని తేలకపోతే అదే నంబరు వేసి సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. మళ్లీ కొత్త ఫిర్యాదు పెడితే గడువు మొదటి నుంచి లెక్కకొస్తుంది.

కౌన్సిల్‌కు వెళ్లాల్సింది డబ్బు మంజూరు కావాల్సిన పని. మీ లిస్టులో అది కల్వర్టు, కాలువ బండలు. వార్డు ఇంజనీరింగ్ సిబ్బంది కొలతలు తీయాలి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అంచనా వేయాలి, పై ఇంజనీర్లు డీఈ, ఈఈ చూడాలి, ఏ పద్దు నుంచి ఖర్చో రాయాలి, అప్పుడే అజెండాలోకి వస్తుంది. అంచనా లేకుండా, అజెండాలో లేనివి అడిగే జీరో అవర్‌లో ఎంత గట్టిగా అడిగినా “పరిశీలిస్తాం” అన్న మాటే వస్తుంది. అందుకని సమావేశానికి రెండు మూడు వారాల ముందే ఏఈని వీధికి తీసుకొచ్చి కొలతలు పట్టించండి. “మా వీధి కాలువ బాగుచేయాలి” అని రాస్తే ఎవరూ అంచనా వేయలేరు. “ఫలానా ఇంటి నుంచి కల్వర్టు దాకా 140 మీటర్ల కాలువ, లోపలి వెడల్పు 60 సెంటీమీటర్లు, 7 చోట్ల బండలు లేవు, మొత్తం ఖాళీ 11 మీటర్లు” అని రాస్తే సగం పని అయినట్టే. ఈ అంకెలు ఉదాహరణకే, టేపు పట్టి మీవి మీరు వేసుకోండి.

బండల గురించి ఒక మాట. 2 అడుగులు × 3 అడుగులు, 4 అంగుళాల మందం ఉన్న కాంక్రీటు బండ సుమారు 140 కిలోలు తూగుతుంది. ఇద్దరు మనుషులు ఎత్తలేరు. పూడిక తీసే రోజు గడ్డపారతో పెకలిస్తే అంచు పగులుతుంది, పగిలినది కాలువలో పడుతుంది. మీ వీధిలో 7 చోట్ల లేకపోవడానికి కారణం చాలావరకు అదే అయి ఉంటుంది. అడుగు వెడల్పు బండలు, రెండు చివర్లా ఇనుప కొక్కెం పట్టే రంధ్రాలతో అడగండి. 70 కిలోలు ఇద్దరు ఎత్తి మళ్లీ పెట్టగలరు. గోడ మీద రెండు వైపులా 6 అంగుళాలైనా ఆనాలి. ట్రాక్టరు, ఆటో ఎక్కేచోట 6 అంగుళాల మందం, కమ్మీ ఎక్కువ కావాలి, ఆ చోట్లు అర్జీలో వేరుగా గుర్తించండి.

---

ఫెర్రూల్

పై మాటలన్నీ సరే. కానీ నీళ్ల విషయం సమావేశం దాకా ఆపొద్దు. ఈ రోజే సచివాలయానికి వెళ్లండి.

మీరు రాసిన గుర్తులు చాలా స్పష్టంగా ఉన్నాయి. 64 ఇళ్లలో 5 ఇళ్లకే, అదీ కాలువ వైపు వరుసకే, మొదటి పది నిమిషాలే. అంటే మెయిన్ పైపు బాగుంది. మెయిన్ నుంచి ఇంటికి వచ్చే అర ఇంచి పైపు కాలువను దాటేచోట తుప్పు పట్టి ఉంటుంది. ఇనుప పైపుకు మర కోసిన చోట గోడ పలచబడుతుంది. ముందు తుప్పు తినేసేది అక్కడే, ఎల్బో (పైపు మలుపు) పక్కనే. నీళ్లు వస్తున్నప్పుడు లోపలి ఒత్తిడికి చిల్లిలోంచి మంచినీళ్లు బయటికి పోతాయి. నీళ్లు ఆపగానే పైపు ఖాళీ అయి లోపల పీల్పు పుడుతుంది, చుట్టూ ఉన్న మురుగు లోపలికి వెళ్తుంది. మళ్లీ వదిలినప్పుడు ముందు వచ్చేది ఆ మురుగే. చివరిదాకా వాసన వస్తే మాత్రం లోపం పైన ఎక్కడో ఉన్నట్టు, అప్పుడు వాల్వు దగ్గర నుంచి వెతకాలి.

కొళాయికి నేరుగా మోటారు బిగించినవాళ్లు ఉంటే ఈ పీల్పు ఇంకా పెరుగుతుంది. తమ ఇంటికే కాదు, పక్కింటి చిల్లిలోంచి కూడా మురుగు లాగుతారు.

నీళ్లు వదిలే రోజు ఇలా చూడండి. తెల్లటి గాజు సీసాలు నాలుగు తీసుకుని మొదటి నిమిషం, ఐదో నిమిషం, పదిహేనో నిమిషం పట్టి వరుసగా పెట్టండి. నాలుగోది ఎదురు వరుస ఇంట్లో పట్టండి. వసతుల కార్యదర్శిని ఆ సమయానికే క్లోరోస్కోపుతో (నీళ్లలో క్లోరిన్ చూసే పెట్టె) రమ్మనండి. చుక్కలు వేస్తే పసుపు తేలాలి. కొళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండా క్లోరిన్ మిగిలి ఉండాలి. ఎదురు వరుసలో పసుపు వచ్చి మీ 5 ఇళ్లలో రంగే రాకపోతే, క్లోరిన్‌ను మురుగు తినేసిందని అర్థం. నల్లగా మారే పరీక్ష సీసా కూడా అడగండి. గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలినం కలిసిన నీరు నల్లబడుతుంది.

బాగుచేయడం అంటే చిల్లికి రబ్బరు ట్యూబు చుట్టడం కాదు. అది నెల కూడా నిలవదు. కాలువ దాటేంత మేర పాత పైపు తీసేసి, మధ్యలో జాయింటు లేని, తుప్పు పట్టని ప్లాస్టిక్ రకం హెచ్‌డీపీఈ పైపు ఒకే ముక్కగా వేసి, దాని మీద ఇంకో పెద్ద పైపు తొడగాలి. కాలువలో నీటిమట్టానికి పైనుంచి తీసుకెళ్తే ఇంకా మేలు, చిల్లి పడినా కంటికి కనబడుతుంది.

అది అయ్యేదాకా ఆ 5 ఇళ్లవాళ్లు మొదటి పావుగంట నీళ్లు వదిలేయాలి, తాగేవి తెర్లించి చల్లార్చి తాగాలి. క్యాన్ నీళ్లు తాగుతున్నాం కదా అని ఊరుకోవద్దు. బోకులు తోమేది, కూరగాయలు కడిగేది, పిల్లలు పళ్లు తోముకునేది ఈ నీళ్లతోనే. రెండిళ్లలో ఒకేసారి విరేచనాలు మొదలైతే వార్డు ఆరోగ్య కార్యదర్శికి అదే గంటలో చెప్పండి.

---

వంకగట్టు వీధి

ఫెర్రూల్ గారూ, పొద్దున వెళ్లి చూశాం. 5 ఇళ్లలో మూడింటికి కొళాయి గుంతలో ఉంది, రెండడుగుల లోతు. ఒత్తిడి తక్కువని కిందికి దించారంట. దీనికీ సంబంధం ఉందా?

---

ఫెర్రూల్

చాలా ఉంది. గుంత కొళాయి ఉన్నచోట పైపు బాగున్నా నీళ్లు చెడతాయి. బిందె నిండాక పొంగినవి గుంతలోనే నిలుస్తాయి, అందులో కాళ్లు కడిగిన నీళ్లు, పక్క కాలువ ఊట చేరతాయి. కొళాయి మూతి ఆ నీళ్లలో మునిగి, మర తిప్పకుండా వదిలేస్తే, సరఫరా ఆగిన క్షణంలో ఆ గుంత నీళ్లే వెనక్కి లైన్‌లోకి పోతాయి. ఒక్క గుంత వరుసలోని ఇళ్లన్నిటికీ చాలు.

ఈ సాయంత్రమే మూడు పనులు చేయండి. గుంతలో నీళ్లు తోడేసి బ్లీచింగ్ చల్లండి. కొళాయి మూతికి మర మూత బిగించండి, ఊరికే గుడ్డ కుక్కొద్దు. నీళ్లు ఆగే పది నిమిషాల ముందే మూసేయండి. గుంత అడుగు సిమెంటు చేసి, మూతి అడుగు మట్టానికి కనీసం 6 అంగుళాలు పైన ఉండేలా లేపాలి. ఒత్తిడి తక్కువ కావడం నిజమైన సమస్యే, అది కౌన్సిల్‌లో అడగాల్సిందే: వీధి చివరకు ఎంతసేపు, ఎంత ఒత్తిడితో వస్తున్నాయో కొలిచి, కొత్త వాల్వు గానీ పెద్ద పైపు గానీ కావాలని.

సంపు ఉన్నవాళ్లు ఒకసారి ఖాళీ చేసి గోడలు రుద్ది కడగాలి. తర్వాత నింపిన నీటికి 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి లెక్క. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైనున్న తేట మాత్రమే పోసి, గంట తర్వాతే వాడాలి. తెరిచి పెట్టిన పాత ప్యాకెట్‌లో బలం ఉండదు. వాసన ఘాటుగా రాకపోతే ఆ పొడి వద్దు.

---

ఐదో తీగ

లైట్లు. వరుసగా 9 ఒకేసారి ఆరిపోయాయంటే బల్బులు పోలేదు. స్తంభాల మీద వీధి దీపాలకు వేరే తీగ వెళ్తుంది, అది చివరి నుంచి పదో స్తంభం దగ్గర తెగి ఉంటుంది, లేదా జంపరు (తీగలను కలిపే చిన్న ముక్క) ఊడి ఉంటుంది. మొత్తం వీధి ఆరితే ప్యానెల్ బాక్సులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడే స్విచ్చు) పడిందో, టైమరు చెడిందో చూస్తారు. వెలిగి ఆరే రెండింటిలో ఎల్‌ఈడీ డ్రైవరు (దీపానికి కరెంటు సర్ది ఇచ్చే భాగం) పోయి ఉంటుంది, లేదా కనెక్షన్ వదులు. ఫిర్యాదులో “లైట్లు లేవు” అని కాకుండా “ఫలానా నంబరు స్తంభం నుంచి ఫలానా నంబరు దాకా వరుసగా 9, ఫలానా తేదీ నుంచి” అని రాయండి. అప్పుడు వచ్చేవాళ్లు బల్బులు కాకుండా తీగ, నిచ్చెన బండి తెచ్చుకుంటారు. లేకపోతే ఒక లైటు మార్చి వెళ్లిపోతారు, ఇంకో వారం పోతుంది.

స్తంభం విద్యుత్ సంస్థది, దీపం నగరపాలకానిది. తీగ వేలాడినా, ఇనుప స్తంభానికి షాక్ కొట్టినా 1912కు ఫోన్ చేయాలి, ఈలోపు పిల్లల్ని, పశువుల్ని ఆ చుట్టుపక్కలకు పోనివ్వొద్దు. వేప కొమ్మ దీపాన్ని కప్పేసిన చోట్లు కూడా రాసివ్వండి, అది కొట్టిస్తే చాలు, వెలుతురు వస్తుంది. స్తంభమే లేని చీకటి మూల ఉంటే మాత్రం అది కొత్త పని, కౌన్సిల్‌కు పెట్టండి.

---

బడి గంట

కుక్కలను పట్టుకెళ్లి ఊరవతల వదిలేయమని రాయొద్దు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్లకు మాత్రం 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు వేరుగా చెప్పింది: అక్కడి నుంచి పట్టినవాటిని మళ్లీ అక్కడే వదలకూడదు, ఆవరణకు కంచె ఉండాలి. మీది బడి గేటు కాబట్టి ప్రధానోపాధ్యాయుల సంతకంతో అర్జీ వెళ్తే బలం ఎక్కువ. ఎన్ని కుక్కలు, అందులో చెవి అంచు కోసిన గుర్తున్నవి ఎన్ని, పిల్లలతో ఉన్నవి ఎన్ని రాయండి. గుర్తు లేనివే ఆపరేషన్ కావాల్సినవి. దగ్గర్లో కోడి వ్యర్థాలు పారేసే చోటు ఉందేమో చూడండి, అది ఆపకపోతే పది పోయినా పది వస్తాయి.

కరిస్తే పుండు మీద కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టొద్దు. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి. ఆ రోజే ఆసుపత్రి. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం కారిన కాటుకు గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ను అడ్డుకునే మందు) కూడా వేయించాలి, అడగండి.

---

కొలతల పుస్తకం

చివరగా కల్వర్టు. మీ నాలుగింటిలో కౌన్సిల్‌లో గట్టిగా పట్టాల్సింది ఇదే. 2022 అక్టోబరులో నడిమి వంక పొంగి కాలనీలు మునిగింది అందరం చూశాం. మనకు పెద్ద వాన తరచూ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వస్తుంది, పూడిక ఆగస్టు చివరికల్లా పోవాలి.

ముందు ఖానాల (కల్వర్టు కింద నీళ్లు పోయే దారులు) లోపలికి టార్చి వేసి చూడండి. చాలాచోట్ల కల్వర్టు కడుపులోంచి నీటి పైపో కేబులో అడ్డంగా వెళ్తుంది. దానికి ప్లాస్టిక్ కవర్లు, పాత చీరలు చుట్టుకుంటాయి, వాటి వెనక మట్టి నిలుస్తుంది. పైపు ఉండగా ఎన్నిసార్లు పూడిక తీసినా రెండు వానలకు మళ్లీ అంతే. కాబట్టి అర్జీలో రెండు కోరికలు: పైపును ఖానా పైకి మార్చడం, తర్వాత పూడిక. ఖానా వెడల్పు, పైకప్పు నుంచి అడుగు దాకా ఉండాల్సిన ఎత్తు, ఇప్పుడు ఖాళీగా ఉన్న ఎత్తు, ఈ మూడు అంకెలు వేయండి.

పూడిక “తీయాలి” అని మాత్రమే రాయొద్దు, “తీసి తరలించాలి” అని రాయండి. తీసిన మట్టి గట్టున ఒక రోజు ఆరితే చాలు, రెండో రోజు ట్రాక్టరులో పోవాలి. గట్టునే ఉంటే మొదటి వానకు తిరిగి లోపలికే. పని అయ్యాక ఎన్ని ట్రిప్పులు రాశారో చూడటానికి, ఇంజనీర్లు జరిగిన పని రాసే కొలతల పుస్తకం నకలు కావాలంటే సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడగొచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి.

కల్వర్టు గోడ మీద అడుగుల గీతలు ఎరుపు, తెలుపు పెయింటుతో వేయించమని కూడా అదే కాగితంలో చేర్చండి, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. రాత్రిపూట వంక ఎంత లేచిందో టార్చి వెలుగులో ఇంటి నుంచే తెలుస్తుంది. రోడ్డు మీద పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారునే తోసుకుపోతుంది, స్కూటరు గురించి చెప్పక్కర్లేదు. నీరు రోడ్డు అంచును తాకే గీత దగ్గర తాడు కట్టి దారి మూసేది ఎవరో, తాడు ఎవరింట్లో ఉంటుందో ముందే అనుకోండి.

---

వంకగట్టు వీధి

అందరికీ ధన్యవాదాలు. నీళ్ల ఫిర్యాదు ఇచ్చాం, రసీదు వచ్చింది. టార్చి వేసి చూస్తే ఖానాలో రెండు పైపులు అడ్డంగా ఉన్నాయి, ఒకటి ఎండిపోయిన పాత లైను. కొలతలకు ఏఈ గారు గురువారం వస్తామన్నారు. గుంత కొళాయిల మూడిళ్లలో రెండింటికి మూతలు బిగించాం, మూడో ఇంట్లో మర అరిగింది, రేపు కొళాయి మారుస్తారు.