ఓడ'ల' బండ్లా, ఓడ'లు' బండ్లా?

కోరంగి మనవరాలు: మా అమ్మమ్మగారింట్లో నడవ గడప ఓడచెక్క. మా ముత్తాతకి వాటా ఉన్న స్కూనరు, అదే, రెండు కొయ్యల తెరచాప ఓడ, రంగం, అంటే రంగూన్ నుంచి టేకు వేసుకొస్తూ తుఫానులో చిక్కి, గోదావరి మొగలో ఇసకమేట ఎక్కి విరిగిపోయిందట. తాళ్ళరేవు దాకా ఎడ్లబళ్ళ మీద తెచ్చుకున్న చెక్కల్లో అదొకటి. మేకులు తుప్పుపట్టి రాలిపోయిన చిల్లుల్లో ఇప్పటికీ చిటికెనవేలు పడుతుంది, చుట్టూ కర్ర నల్లగా ఉంటుంది. పండగపూట ఆ గడపకి పసుపు రాస్తూ అమ్మమ్మ సుమతి పద్యం అనేది. మొదటి పాదం 'ఓడల బండ్లును వచ్చును' అనేదో, 'ఓడలు బండ్లును' అనేదో ఎంత తలుచుకున్నా తేలడం లేదు. ఎవరైనా చెప్పండి.

ఛందోవనం: గణాలతో తేలదండీ. రెండూ భగణమే. ప్రాస డకారానికీ ఇబ్బంది లేదు. అర్థంతోనే తేల్చాలి. 'ఓడల' అంటే ఓడల మీద బండ్లు వస్తాయి, రెండో పాదంలో బండ్ల మీద ఓడలు వస్తాయి. ఆ తిరగేసి చెప్పడంలోనే పద్యం ఉంది. 'లు' పెడితే ఓడలూ వస్తాయి, బండ్లూ వస్తాయి అని ఊరికే లెక్క చెప్పినట్టుంటుంది. 'ల' తప్ప ఇంకోటి కాదు.

గోదారి గట్టు: మూడో పాదం 'ఓడలు బండ్లును వలెనే' కదా, నోరు ముందే అటు జారుతుంది. మా ఇంట్లో అందరం 'లు' అనే చదివాం. అసలు నన్ను పట్టి పీడించేది వేరే. పద్యం 'వచ్చును' అంటుంది, సామెత 'ఓడలు బళ్ళవుతాయి' అంటుంది. ఎక్కి రావడం వేరు, అయిపోవడం వేరు. గట్టుకి కొట్టుకొచ్చిన ఓడ కలపతో బండి చేయించుకున్న ఊళ్ళోనే ఆ సామెత పుట్టిందని నా గట్టి నమ్మకం. మీ గడపే చూడండి.

చీరాల మాస్టారు: 'ల', 'లు' పక్కన పెట్టండి. నాలుగో పాదం చూడండి: 'వాడంబడు గలిమిలేమి వసుధను సుమతీ'. మా తీరంలో ఓడని 'వాడ' అనడం ఉంది. మా పక్కన వాడరేవు ఉంది, ఉత్తరాన వాడబలిజలు ఉన్నారు. మూడు పాదాల్లో 'ఓడ' అన్న కవి నాలుగోదాన్ని 'వాడ'తో ఊరికే ఎత్తుకున్నాడంటే నేను ఒప్పుకోను. కలిమిలేములు కూడా వాడలెక్కి వస్తాయని చెవికి వినిపించాడు.

ఛందోవనం: చెవికి అంటే సరే మాస్టారూ, వ్యాకరణానికి నిలవదు. చేయంబడు, చెప్పంబడు లాగే వాడంబడు, అంతే. 'వాడబడు' అంటే గణం తప్పుతుంది, అందుకే సున్న.

గోదారి గట్టు: వాడిపోవడం ఎందుకు కాకూడదు? కలిమి వాడుతుంది, లేమీ వాడుతుంది.

బందరు పాఠకురాలు: ఓడ పగిలాక ఆ సరుకు ఎవరిదో కూడా అడగాలి. మాస్టారి దగ్గరే ఉంది మోటుపల్లి, ఒకప్పటి ఓడరేవు. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనంలో సూటిగా ఉంది: పూర్వపు రాజులు గాలివానకి కొట్టుకొచ్చి పగిలిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు లాగేసుకునేవారు, మేము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ ముట్టం అని. ప్రాణం కంటే ధనమే మిన్న అనుకుని సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళని దయతలిచి వదిలేస్తున్నానంటాడు. ఆ మాట చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది నాకు. సుమతి శతకం రాశాడనే బద్దెనదీ ఆ శతాబ్దమే అంటారు కాబట్టి ఓడలూ బండ్లూ ఆయనకి ఊహలు కావు.

ఇక మా రాయలవారు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం రాజనీతిలో రేవులు బాగుచేయమని చెప్పి ఊరుకోలేదు. గాలివానకో రోగానికో డస్సిపోయి గట్టెక్కిన పరదేశుల్ని వాళ్ళ వాళ్ళ తీరుకి తగ్గట్టు పోషించమన్నారు. 'తగ్గట్టు' అన్నదే ఆయన గొప్ప. ఒడ్డున పడ్డవాడికి అన్నం పెట్టడమే కాదు, వాడు తినే అన్నం పెట్టాలి. ఇంత దగ్గరగా చూసిన రాజకవి ఇంకొకడు లేడు.

చీరాల మాస్టారు: ఆ శాసనస్తంభం మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో ఉంది, నేను చేత్తో తడిమి వచ్చాను. వాడరేవు నుంచి ఎంతో దూరం కాదు. 'వాడ' సంగతి మాత్రం నేను వదలను.

కోరంగి మనవరాలు: అందరికీ దణ్ణాలు. ఇందాక మా పెద్దమావయ్యకి ఫోన్ చేశాను. మొదటి పాదం ఆయనకీ గుర్తులేదు. రెండో పాదం మాత్రం టకీమని అందుకున్నారు: 'ఓడలు నా బండ్లమీద నొప్పుగ వచ్చున్'. అమ్మమ్మ 'నా' దగ్గర ఆగేదట. పసుపు చెయ్యి గడప మీద ఆన్చి, "నా బండ్ల మీదేరా" అనేదట.

ఛందోవనం: అది ద్రుతం అమ్మా, మాట చివరి నకారం. ఓడలున్ + ఆ బండ్ల.

కోరంగి మనవరాలు: తెలుసండీ. ఆమెకి మాత్రం అది 'నా'యే.