సొంత డ్రమ్ కిట్‌లో ఓపెన్ హై-హ్యాట్ ఆగట్లేదు, సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. నా సౌండ్ మాడ్యూల్‌లో (శబ్దాలు పుట్టించే పరికరం) సొంతంగా ఒక డ్రమ్ కిట్ తయారు చేసుకుంటున్నాను. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) బాగా కుదిరింది. సైన్ వేవ్ తీసుకుని, పిచ్ ఎన్వలప్‌తో (సమయంతో పాటు స్వరస్థాయిని మార్చే సెట్టింగ్) సుమారు 200 హెర్ట్జ్ నుంచి 50కి చటుక్కున దించితే గుండెకి తగిలేలా ధబ్‌మంటోంది. ఆ దెబ్బ వింటుంటే ఎంత హాయిగా ఉందో!

చిక్కంతా హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట తాళాలు) దగ్గరే. ఓపెన్ (తెరిచినది), క్లోజ్డ్ (మూసినది) రెండూ నాయిస్‌తో చేసి, కింది స్థాయి శబ్దాల్ని తీసేసే హైపాస్ ఫిల్టర్ వేశాను. జనరల్ మిడి (ఏ నోట్ నంబరుకి ఏ డ్రమ్ మోగాలో చెప్పే ప్రమాణం) పద్ధతిలోనే చానెల్ 10లో నోట్ 42కి క్లోజ్డ్, 46కి ఓపెన్ పెట్టాను. ఓపెన్ మోగుతుండగా క్లోజ్డ్ కొడితే మొదటిది టక్కున ఆగాలి కదా, ఆగట్లేదు. రెండూ కలిసి స్స్స్ అంటూ సాగుతున్నాయి. రెండు నోట్లనీ ఒకే మ్యూట్ గ్రూప్‌లో (ఒకటి మోగితే రెండోది ఆగేలా చేసే సెట్టింగ్) పెట్టాను, రివర్బ్ కూడా తీసేసి చూశాను. అయినా అంతే. ఫ్యాక్టరీ కిట్‌లో మాత్రం చక్కగా ఆగుతోంది.

నా ఓపెన్ హై-హ్యాట్‌లో రెండు లేయర్లున్నాయి (ఒకదానిపై ఒకటి కలిపిన శబ్దాలు). మ్యూట్ గ్రూప్ ఒక లేయర్‌కే పడుతోందా? లేక ఆంప్ ఎన్వలప్‌లో (శబ్దం హెచ్చుతగ్గుల సెట్టింగ్) రిలీజ్, అంటే నోట్ వదిలాక శబ్దం తగ్గే సమయం, ఎక్కువైందా? డికే (కొట్టాక శబ్దం తగ్గుతూ పోయే సమయం) తగ్గిస్తే గొడవ తీరుతుంది గానీ ఆ శబ్దం అందమే పోతుంది, అది నాకిష్టం లేదు. ఇలాంటిది సరిచేసుకున్నవాళ్లు ముందు ఏ సెట్టింగ్ చూడాలో చెప్పండి, ప్లీజ్.