వెనుక కాళ్లు లేని ఉక్కు కుర్చీకి కాళ్లు పెట్టించవచ్చునా?

ప్రశ్న (కడప నుండి):
మా నాన్నగారు చాలా ఏళ్ల క్రితం వేలంలో కొన్న చేతుల కుర్చీ ఒకటి మా ఇంట్లో ఉంది. ఉక్కు గొట్టాన్ని వంచి చేసిన దీనికి వెనుక కాళ్లు లేవు. సీటుకూ వీపుకూ టేకు చట్రాలు, వాటి మీద స్పాంజి, రెక్సిన్ ఉన్నాయి. చేతులకు కూడా టేకు పలకలే. స్పాంజి పొడిగా రాలుతోంది, క్రోమ్ పూత అక్కడక్కడ పొక్కింది. కూర్చుంటే ఊగుతుందని మా అమ్మ దాని జోలికే పోదు. వెనుక రెండు కాళ్లు అతికిస్తే కదలకుండా నిలుస్తుందని వెల్డింగ్ షాపు వారు అంటున్నారు. చేయించవచ్చునా? ఇది విదేశీ కుర్చీయేనా?

జవాబు (అనంతపురం నుండి):
దయచేసి కాళ్లు పెట్టించకండి. మీ వర్ణనను బట్టి ఇది హంగరీలో పుట్టిన రూపకర్త మార్సెల్ బ్రాయర్ 1928లో రూపొందించిన, తరువాత ఆయన కుమార్తె ఫ్రాంచెస్కా పేరు మీద ‘చెస్కా’ అని పిలవబడిన కుర్చీ పోలికలో ఉంది. వెనుక కాళ్లు లేని కుర్చీని అంతకు ముందే, 1926లో, డచ్ రూపకర్త మార్ట్ స్టామ్ గ్యాస్ పైపులను ముక్కలుగా కలిపి చేసి చూశారు. అది బిగుసుకుపోయి ఏమాత్రం ఊగేది కాదు. కాళ్లు అతికిస్తే మీ కుర్చీ కూడా అలాగే బిగుసుకుపోతుంది! వంచిన గొట్టం మనిషి బరువుకు కొద్దిగా వంగి మళ్లీ లేవడమే దీనిలోని సుఖం, మందమైన పరుపు చేయవలసిన పనిని ఇక్కడ ఉక్కు చేస్తుంది. కాళ్లు అతికిస్తే ఆ సుఖం పోతుంది, వేడి తగిలినచోట గొట్టం బలహీనపడుతుంది కూడా.

అయితే ఊగడం వేరు, అల్లాడడం వేరు. ముందుకూ వెనక్కూ ఊగితే భయం లేదు. పక్కలకు అల్లాడితే మాత్రం చట్రాల మరలు వదులైనట్టే, ఎందుకంటే ఈ నమూనాలో సీటు దగ్గర, వీపు దగ్గర రెండు వైపుల గొట్టాలను కలిపి పట్టుకునేది కొయ్యే. మర రంధ్రంలో జిగురు పూసిన టేకు పుల్లను కొట్టి, ఆరిన తరువాత మళ్లీ బిగించండి.

జవాబు (కర్నూలు నుండి):
పై మాటతో ఏకీభవిస్తున్నాను కాని, అమ్మగారిని కూర్చోబెట్టే ముందు ముందరి వంపులను పరీక్షించండి. కిరసనాయిలు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లితే, పగులు ఉన్నచోట తడి గీత బయటపడుతుంది. గీత కనిపిస్తే ఆ కుర్చీ చూసుకోవడానికే.

విదేశీది కాదనే నా అభిప్రాయం. అసలు చెస్కా చట్రాలు బీచ్ అనే ఐరోపా కలపతో చేసేవారు; టేకు అంటున్నారు కాబట్టి మన దేశంలోనే ఎవరో చేసిన నకలు అయి ఉంటుంది. అయినా పని మంచిదే. రెక్సిన్ మళ్లీ వేయించకండి, మన మే నెల ఎండల్లో అది వీపుకు అంటుకుంటుంది. బ్రాయర్ చట్రంలో పేము అల్లికే ఉండేది, గాలి ఆడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సుద్ద చల్లి చూశాను, ఎక్కడా గీత లేదు. వీపు చట్రం మరలు రెండూ వేళ్లతోనే తిరిగాయి. పేము అల్లేవారు కడపలో దొరుకుతారేమో విచారిస్తున్నాను.