బొగ్గుపులుసు వాయువులో పులుసు ఎక్కడిది?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. వాళ్ల తాతయ్య నోట "బొగ్గుపులుసు వాయువు" అన్న మాట విని, "గాలికి పులుసేంటి తాతయ్యా" అని ఒకటే నవ్వు. కార్బన్ డయాక్సైడ్‌కి ఈ పేరెలా వచ్చిందో తెలిసినవారు చెప్పండి.

జవాబు: మీ నాన్నగారి మాట గట్టిదమ్మా. ఇక్కడ పులుసంటే ఆమ్లం. ఇంగ్లీషులో ఒకప్పుడు దీన్ని కార్బానిక్ యాసిడ్ గ్యాస్ అనేవారు. కార్బన్ బొగ్గయింది, యాసిడ్ పులుసయింది. చింతపండు పిసికిన ఇంట్లో ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే మాట ఏముంటుంది?

పేరులో సైన్సు కూడా ఉంది. ఉత్త వాయువుకు పులుపు లేదు. నీళ్లలో కరిగితేనే కార్బానిక్ ఆమ్లం పుడుతుంది. గోలీసోడా నాలుక మీద చురుక్కుమనేది అందుకే. మన ఒంట్లోనూ ఇదే జరుగుతుంది. తిన్న అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారుతుంది. కణాలు దాన్నుంచి శక్తి తీసుకున్నాక, అందులోని కార్బన్ ఈ వాయువుగా రక్తంలో కలుస్తుంది. రక్తం పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గితే పులుపు పెరిగినట్టు) 7.35, 7.45 మధ్య ఉండాలి. ఊపిరి బిగబట్టి చూడండి. వాయువు బయటికి పోక రక్తం కొంచెం పులుపు వైపు జరుగుతుంది. మెదడు అది పసిగట్టి, ఊపిరి తీయమని తొందరపెడుతుంది. ఆ ఉక్కిరిబిక్కిరి చాలావరకు ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఈ పులుసు పెరిగినందుకు.

మరొకరు: మాస్టారూ, మరి ఆమ్లజని సంగతి? ఆక్సిజన్ పుల్లగా ఉండదు కదా?

జవాబు: అది ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజర్ పొరపాటు. ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువు ఉంటుందనుకుని, 1770లలో గ్రీకు మాటలతో "పులుపు పుట్టించేది" అని పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదని తర్వాత ఇంగ్లీషు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ తేల్చాడు. కానీ అప్పటికే పేరు పాతుకుపోయింది. మనమూ ఆమ్లజని అని అలాగే తెచ్చుకున్నాం. హైడ్రోజన్‌కేమో నీటిని పుట్టించేదని ఉదజని అన్నాం. తీరా చూస్తే, నీళ్లలో పులుపు తెచ్చేది హైడ్రోజన్ అయాను. మనం పీల్చిన ఆక్సిజనేమో కణాల్లో శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియాలో హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది. ఆమ్లజని అన్న పేరు హైడ్రోజన్‌కే బాగా నప్పేది! అందుకే క్లాసులో ఆక్సిజన్ అనో ప్రాణవాయువు అనో చెప్పేవాణ్ణి కానీ ఆమ్లజని అనేవాణ్ణి కాదు. బొగ్గుపులుసు మాత్రం ఏటా బోర్డు మీద రాసేవాణ్ణి. ఆ మాట పోతే నాకు నిజంగా బాధ.

ప్రశ్న అడిగినావిడ: పాపకి కళ్లతో చూపించే మార్గం ఏదైనా ఉందా మాస్టారూ?

జవాబు: ఉందమ్మా. దిష్టి తీసే ఎర్రనీళ్లు తెలుసుగా, పసుపూ సున్నమూ కలిపినవి? సున్నం నీళ్లలో కలిపి, అడుగున బాగా పేరుకోనిచ్చి, పైతేట కొద్దిగా వేరే నీళ్లలో కలిపి, చిటికెడు పసుపు వేయండి. ఎర్రబడుతుంది. పాపని స్ట్రాతో మెల్లగా ఊదమనండి. ఊదడమే, పొరపాటున కూడా పీల్చకూడదు. కళ్లద్దాలు పెట్టుకుంటే మంచిది. కాసేపటికి తన ఊపిరిలోని పులుసు సున్నాన్ని విరిచేసి, ఎర్రనీళ్లు మళ్లీ పసుప్పచ్చగా మారతాయి. పక్కన తాతయ్యని కూడా కూర్చోబెట్టండి.